నిన్నటి సంతకం చెల్లదు

మధుకర్‌కి ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే చాలు, సంతకం పెట్టించుకుంటాడు.

నమస్కారం కూడా ఆ తర్వాతే. ముందు మెడలోంచి పెన్ను తీసి మన చేతిలో పెడతాడు. మెడలోంచి ఎందుకంటే, ఉద్యోగంలోంచి తీసేసిన రోజున కంపెనీవాళ్లు అతని గుర్తింపు కార్డు లాక్కున్నారు గానీ దాన్ని వేలాడదీసే తాడు అడగడం మరిచిపోయారు. ఆ నీలం తాడుకి, కార్డు ఉండాల్సిన చోట, నల్ల పెన్ను కట్టుకుని తిరిగేవాడు. చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద కాగితాలు. ప్రతి కాగితం నెత్తిన ఎర్ర సిరాతో ఒకటే వాక్యం: "బస్తీ దవాఖాన రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి."

ఒకసారి కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ అతను ఇతని ఒళ్లంతా తడిమి, అట్ట దగ్గర ఆగి "ఏంది భాయ్ ఇది?" అన్నాడట. "మంచిగ అడిగినవు" అని మధుకర్ అక్కడే నిలబెట్టి మొత్తం వివరించి సంతకం తీసుకున్నాడు. వెనక ముప్పై మంది లైన్లో ఉన్నారు. ఆఫీసు టైము. "ఓ అన్నా, జరుగు!" అని ఎవరో అరిస్తే, "వస్తున్న వస్తున్న, మీ దగ్గరికే వస్తున్న" అని అట్ట పట్టుకుని లైను వెంట వెనక్కి నడిచాడు.

సైబరాబాద్‌లో ఏ సిగ్నల్ ఎన్ని సెకన్లో ట్రాఫిక్ పోలీసులకన్నా అతనికే బాగా తెలుసు. "హైటెక్ సిటీ దిక్కు నూట పది సెకన్లు సార్. కారోళ్లయితే ఇద్దరు, బైకోళ్లయితే నలుగురు. కారోళ్లు అద్దం దించనీకే ఇరవై సెకన్లు ఖరాబు చేస్తరు."

ఇతను నా జీవితంలోకి వచ్చిందీ సంతకం కోసమే. నిజాంపేటలో మా మణికంఠ ఎన్‌క్లేవ్‌లో నలభై ఫ్లాట్లు. మాది మూడో అంతస్తు. మాది అంటే అప్పటికి నాది. నా భార్య పుణ్యవతి పోయి పది నెలలైంది. మాకు పిల్లల్లేరు. నేను గ్రంథాలయంలో పని చేసి రిటైరైనవాణ్ణి, నిశ్శబ్దం అలవాటే అనుకునేవాణ్ణి. కాని చదివేవాళ్లుండగా ఉండే నిశ్శబ్దం వేరు. రోజు మొత్తం మీద నా గొంతు పలికే మాటలు మూడు: "పాలు, రెండు ప్యాకెట్లు." రెండోది ఎవరికని పాలవాడు అడగలేదు. నేనూ ఆలోచించలేదు. మిగిలినదాన్ని తోడు పెట్టి, పెరుగు పులిశాక పారబోసేవాణ్ణి.

అలాంటి ఇంటి బెల్లు ఒకరోజు పొద్దున్న ఏడూ ఇరవైకి మోగింది.

"నమస్తే సార్. పైన పెంట్‌హౌస్‌ల కిరాయికుంట. మధుకర్. జర సంతకం."

అప్పటికే పెన్ను నా చేతిలో ఉంది.

"దేనికండీ?"

"దవాఖాన టైమింగ్. నాలుగింటికి బంద్ చేస్తున్నరు. నాలుగింటికి పనికి పోయినోడు ఇంటికొస్తడా సార్? మీరు చెప్పుండ్రి."

నేను రిటైరైనవాణ్ణి, నాలుగింటికి ఇంట్లోనే ఉంటాను అని చెబుదామనుకున్నాను. అంత పొడుగు వాక్యం మాట్లాడి చాలా రోజులైంది. సంతకం పెట్టేశాను.

మర్నాడు ఏడూ ఇరవైకి మళ్లీ బెల్లు.

"సార్, నిన్నటి సంతకం చెల్లదు."

"ఏం, ఎందుకని?"

"మీ సంతకానికి చివర తోక ఉంటది కద సార్, సోమేశ్వరరావుల 'వు' కాడ. నిన్న తోక పొట్టిగ వచ్చింది. ఆఫీసరు అబ్జెక్షన్ పెడతడు."

మూడోరోజు సిరా పల్చగా ఉంది. నాలుగోరోజు తారీఖు గడి దాటింది. ఐదోరోజు కాగితం మీద చట్నీ పడింది. ఆదివారం కూడా వచ్చాడు. "ఆదివారం ఏ ఆఫీసరు చూస్తాడయ్యా?" అంటే, "దవాఖానకు సెలవుంటది గని జబ్బుకు ఉండదు గద సార్" అన్నాడు. వారం తిరిగేసరికి 'అండీ' పోయి 'ఏమయ్యా' వచ్చేసింది నా నోట్లో. రెండు వారాలకి ఏడూ పదిహేనుకే అద్దాలు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. తిట్టడానికే.

ఇంతకీ ఈ దవాఖాన పిచ్చి ఎక్కడ పట్టుకుందో అతనే చెప్పాడు, గుమ్మంలో నిలబడి.

"పొద్దుగాల తొమ్మిదింటికి మీటింగన్నరు సార్. పది నిమిషాలు. పదకొండింటికి లాప్‌టాప్ బంద్. కంపెనీ ఇన్సూరెన్స్ గూడ గా దినంతోనే ఖతం. సరిగ్గ ఎనిమిది దినాలకు నాకు డెంగీ."

"అయ్యో."

"నౌకరి ఉన్న తొమ్మిదేండ్లు తుమ్ము గూడ రాలే సార్! కార్డు ఉన్నన్ని దినాలు ఒళ్లు గట్టిగుండె. కార్డు పోంగనే జరం వచ్చె."

పెద్దాసుపత్రి కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు చెల్లదన్నారు. నూట మూడు జ్వరంతో మా వెనక గుండ్లబండ బస్తీలో సర్కారు దవాఖానకి నడుచుకుంటూ పోయాడు. సాయంత్రం ఐదైంది. తాళం. మెట్ల మీద కూలబడితే, పక్కన అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. నీలమ్మ. హైటెక్ సిటీలో ఏదో అద్దాల భవనంలో ఊడ్చి తుడిచే పని. పొద్దున్న ఆరున్నరకి వాళ్ల బండి ఎక్కితే సాయంత్రం ఆరు దాటాకే ఇల్లు. ఆ రోజు మాత్రం కాలు నొప్పికి ఓర్చుకోలేక గంట ముందు వచ్చింది. షుగరు, ఎడమ కాలికి పుండు. తన సీసాలో నీళ్లు ఇతనికి తాపించి, "బిడ్డా, ఇది నాలుగింటికే బందైతది. ఐదు నెలల సంది నేను తాళాన్నే చూస్తున్న" అందట.

మధుకర్ ఉద్యోగం ఏమిటంటే, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. తప్పు కనబడితే ఒక పద్ధతిలో రాసి పంపాలి. మనిషికి నూట మూడు జ్వరం ఉన్నా చెయ్యికి అలవాటు పోదు. అక్కడే కాగితం మీద రాసి తలుపుకి అంటించాడు:

"తప్పు నంబరు 1. ఎట్ల కనబడుతుంది: పొద్దంతా పని చేసి సాయంత్రం జబ్బుతో రావలెను. ఏం జరగాలి: డాక్టర్ మనల్ని చూడాలి. ఏం జరుగుతున్నది: మనం తాళాన్ని చూస్తున్నం. తీవ్రత: మస్తు."

మర్నాడు ఎవరో చించేశారు. జ్వరం తగ్గీ తగ్గకముందే వెళ్లి ఇంకోటి అంటించాడు: "తప్పు నంబరు 2. తప్పు నంబరు 1 చింపబడినది."

అతని పని గురించి నేనొకసారి అడిగాను. ఆ జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కొత్తగ ఏదన్న కలిపినప్పుడు పాతది ఖరాబైందా అని చూడాలె సార్. నిన్న పనిచేసిన బటన్ ఇయ్యాల పనిచేస్తున్నదా? రోజు అదే బటన్ నొక్కుడు. తొమ్మిదేండ్లు నొక్కిన."

"పనిచేస్తున్నదాన్ని రోజూ నొక్కడమెందుకయ్యా? పాడైతే అదే తెలుస్తుందిగా."

"తెల్వది సార్. పాడైనది తాను పాడైనట్టు చెప్పది. మనమే పోయి నొక్కాలె."

ఇలాంటి పనికి జీతం ఇచ్చేవాళ్లుండేవారా అని అప్పుడు నవ్వుకున్నాను.

ఒక నెల గడిచేసరికి కాగితంలో కొత్త గడులు వచ్చాయి. పేరు, సంతకం పక్కన "రాత్రి నిద్ర", "పొద్దున తిన్నది".

"నేను తిన్నదానికీ దవాఖాన టైముకీ ఏమిటయ్యా సంబంధం?"

"డేటా సార్. డేటా లేకుంటే సర్కారు నమ్మది."

నిద్ర దగ్గర "బాగా" అనీ, తిన్నది దగ్గర "ఉప్మా" అనీ రాసేవాణ్ణి. రెండూ అబద్ధాలే. పుణ్యవతి పోయాక నేను పొద్దున్న పొయ్యి వెలిగిస్తే అది కాఫీకే. ఉప్మా అని ఎందుకు రాశానంటే, అబద్ధమాడినా ఎవరూ అనుమానించనంత నీరసమైన పదార్థం అదొక్కటే. వరసగా ఇరవై రెండు రోజులు ఉప్మా తిన్నాను, కాగితం మీద. ఇరవై మూడోరోజు విసుగొచ్చి "ఏమీ లేదు" అని నిజం రాసేశాను.

అతను చూసి వెళ్లిపోయాడు. పావుగంటకి మళ్లీ బెల్లు. చేతిలో పొట్లం, నాలుగు ఇడ్లీలు, కారప్పొడి.

"ఏమిటిది?"

"గా ఇడ్లీ బండాయన సంతకం పెట్టాలంటే ప్లేటు కొనాల్నన్నడు సార్. నేనేమో తిన్న. ఖరాబైతయి, మీరు తినుండ్రి జర."

ఆ బండాయన మహా పట్టుదల మనిషి. ఆ తర్వాత వారానికి నాలుగు రోజులు ప్లేటు కొనకపోతే సంతకం పెట్టనన్నాడు. వీడి ఉద్యమం ఇడ్లీలకే సరిపోతోంది కదా అని నేను జాలిపడుతూ తిన్నాను.

చలికాలంలో ఎన్నికలొచ్చాయి. మధుకర్ అన్ని పార్టీల సభలకీ వెళ్లాడు. ఏ సభకి వెళ్తే ఆ కండువా. ప్రశ్న మాత్రం ఒకటే. కూకట్‌పల్లి సభలో అభ్యర్థి "ఈ ప్రాంతాన్ని సింగపూర్ చేస్తా" అనగానే ముందు వరసలోంచి లేచాడు.

"అన్నా, సింగపూర్‌ల దవాఖాన ఎన్నింటికి బందైతదే?"

అభ్యర్థి మైకు మూసి పక్కవాణ్ణి "ఎవడ్రా వీడు, అవతలోళ్ల మనిషా?" అని అడగడం మైకులోనే వినబడింది. అవతలి సభలో ఇవతలివాడన్నారు. మూడో సభలో ఇద్దరూ కలిసి పంపారన్నారు. కాని సభ అయ్యాక మధుకర్ మూడుచోట్లా అట్ట పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. అభిమాని అనుకుని ముగ్గురూ చదవకుండానే పెట్టేశారు. ఒకాయన "ప్రేమతో" అని, ఇంకొకాయన "శుభాకాంక్షలతో" అని. మూడో ఆయన పక్కన చిన్న పువ్వు కూడా గీశాడు.

"చూసిండ్రా సార్, మూడు పార్టీలు ఒక్క కాయితం మీద కలిసినయి" అని ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు. కండువాలు మూడూ నీలమ్మకి ఇచ్చాడు. ఆమె వాటిని మసిగుడ్డలు చేసుకుని అద్దాల భవనం తుడిచింది. ఏ పార్టీది బాగా తుడుస్తుందో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

ఇతను కార్పొరేటర్‌గా నిలబడతాడని అపార్ట్‌మెంట్లో పుకారు. మా వాచ్‌మన్ సాయిలు సగం నమ్మి సెల్యూట్ కొట్టడం మొదలెట్టాడు. "అన్న గెలిస్తే జర బోరు మోటరు మార్పియ్యాలె సార్" అని నా ద్వారా సిఫారసు కూడా చేయించాడు.

మధుకర్ తన పెళ్లిచూపులకి నన్నే పెద్దమనిషిగా తీసుకెళ్లాడు. పిల్ల తండ్రి మర్యాదగా అడిగాడు.

"ఏం జేస్తున్నవు బిడ్డా?"

"నౌకరి పోయింది అంకుల్. ఇప్పుడైతే దవాఖాన టైము మార్పిస్తున్న."

"దానికి జీతమెంత?"

"దానికుండది అంకుల్."

ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "మరి తమరేం జేస్తరు సార్?"

నేను నోరు జారాను. "రోజూ సంతకం పెడుతుంటానండి."

సంబంధం అక్కడితో సరి. అయినా అమ్మాయి ప్రశాంతి కాగితం మొత్తం చదివి మరీ సంతకం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతని బాధల్లా ఆ సంతకం గురించే. "అట్ల ఆఖరి దాకా చదివి పెట్టినోళ్లను ఇప్పటిదాంక చూడలే సార్" అని మూడు స్టాపులు అదే మాట.

ఒక్కరోజు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. కార్తీకంలో పుణ్యవతి సంవత్సరీకం. పంతులు వచ్చి వెళ్లాడు. సాయంత్రం ఇంట్లో నేనూ, నాలుగు విస్తరాకులూ మిగిలాం. దీపం పెట్టాలని కూడా అనిపించలేదు. ఐదున్నరకి బెల్లు.

"సార్, పొద్దుగాలది చెల్లదు. తోకనే లేదు."

"ఇవాళ వదిలెయ్యవయ్యా."

"ఒక్కటి సార్."

పెట్టాను. బాగాలేదన్నాడు. ఇంకోటి పెట్టాను. కిందటి నెలదానితో పోల్చి, వంకర అన్నాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. "ఆఫీసరు మూడు నమూనాలు అడిగిండు" అన్నాడు. మూడు కాస్తా తొమ్మిదయ్యాయి. నా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లలో ఎవరూ నా సంతకాన్ని శంకించలేదని కేకలేశాను. "అయితే గా ముప్పై ఏండ్ల కింద ఎట్ల పెట్టేటోరు, చూపెట్టుండ్రి" అన్నాడు. పాత రిజిస్టరు వెతికాను. పుణ్యవతి కూడా ఒకప్పుడు మా గ్రంథాలయంలో సభ్యురాలు. పుస్తకం వెనక్కి ఇవ్వడంలో ఎప్పుడూ ఆలస్యం, రోజుకి పది పైసలు జరిమానా. అది చెబుతూ ఎందుకో నవ్వాను. అతను వెళ్లేసరికి ఎనిమిదైంది. దీపం వెలుగుతోంది. ఎవరు పెట్టామో గుర్తులేదు. పంతొమ్మిది సంతకాలు పెట్టించి, ఒక్కటీ నచ్చలేదని గొణుక్కుంటూ వెళ్లాడు. మొండివెధవ అనుకున్నాను.

జనవరిలో ఒక సోమవారం. ఆరోగ్య శాఖ కార్యాలయంలో జనం నుంచి అర్జీలు తీసుకునే రోజు. మధ్యాహ్నం పన్నెండుకి మధుకర్‌ని రమ్మన్నారు. నీలమ్మ పనికి సెలవు పెట్టి వస్తానంది. పుండు అప్పటికి కాలివేలిదాకా పాకింది. ఇంకా ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుందని ఎవరో అన్నారట. అదే రోజు పదింటికి ఇతనికి గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ కూడా పడింది. తొమ్మిదింటికి బైక్ టాక్సీ మీంచి ఫోను, వెనక హారన్లు.

"సార్, ఫైలు మరిచిన! సాయిలు దగ్గర తాళంచెవి ఉంది. టేబుల్ మీద రెండు ఫైళ్లుంటయి. లావుది తీస్కొని సీదా ఆఫీసుకొచ్చేయుండ్రి. మూడువేల సంతకాలున్నది, లావుది!"

పెంట్‌హౌస్ గది మొదటిసారి చూశాను. పరుపు, కుర్చీ, టేబులు. టేబుల్ మీద రెండు ఫైళ్లు. ఒకటి లావు, ఇంకోటి అంతకన్నా లావు. రెండోది తీసుకుని ఆటో ఎక్కాను.

అధికారి నీహారిక గారనే డాక్టరు. అలసిపోయిన ముఖం. పక్కన గుమాస్తా రవీందర్. ఇంటర్వ్యూ నుంచి మధుకర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, టై, మెడలో పెన్ను. "ఎలా జరిగిందయ్యా?" అంటే "ముగ్గురూ పెట్టిండ్రు సార్" అన్నాడు. ఉద్యోగం సంగతి కాదు, సంతకాల సంగతి.

నీహారిక గారు ఫైలు విప్పారు. మొదటి పేజీ. రెండో పేజీ. కళ్లజోడు సవరించుకున్నారు.

"సోమేశ్వరరావు. తర్వాత సోమేశ్వరరావు. తర్వాత... మళ్లీ సోమేశ్వరరావు. ఎవరండీ ఈయన?"

నేను స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తాను.

"నూట ముప్పై ఎనిమిది సార్లు పెట్టారు మీరు."

"చెల్లలేదన్నాడండి" అన్నాను.

"మేడం, ఇది అర్జీ లెక్క లేదు, హాజరుపట్టీ లెక్కుంది" అన్నాడు రవీందర్. "మొత్తం పదకొండు మందే. రోజు గా పదకొండు మందే."

మధుకర్ ఫైలు కోసం చెయ్యి చాచాడు. అతను తన కాగితం వెనక్కి ఇమ్మనడం నేను చూసింది అదొక్కసారే. "మేడం, అది కాదు, గా ఫైలు వేరే, పొరపాటున వచ్చింది, ఇటియ్యుండ్రి—"

ఆవిడ ఇవ్వలేదు. సంతకాల పక్కన పెన్సిల్‌తో సన్నగా రాసినవి చదువుతున్నారు. నెమ్మదిగా, పైకి.

"సీతాబాయి, ఫ్లాట్ 204. తలుపు తీసెతందుకు నాలుగు నిమిషాలు పట్టింది, నిన్న రెండు. పింకీ, లేడీస్ హాస్టల్. ఇంటర్వ్యూ పోయింది, ఏడ్చింది, చాయ్ తాగించిన. నీలమ్మ, సాయంత్రం ఆరూ నలభై, పుండు కారుతున్నది, దవాఖాన తాళం. నీలమ్మ, ఆరూ నలభై, తాళం. నీలమ్మ, ఆరూ ముప్పై ఐదు, తాళం. తాళం. తాళం." పేజీలు తిప్పుతున్నారు. "తాళం."

నీలమ్మ బెంచీ మీద కాలు వెనక్కి లాక్కుంది, తనేదో తప్పు చేసినట్టు.

"సోమేశ్వరరావు సార్. ఉప్మా అని రాసిండు, వంటింట్ల వాసన లేదు. సోమేశ్వరరావు సార్. తోక పొడుగొచ్చింది, ఇయ్యాల మంచిగున్నడు. సోమేశ్వరరావు సార్. తోక లేదు. అమ్మగారి సంవత్సరీకం. సాయంత్రం మళ్ల పోవాలె, ఎనిమిది దాంక ఉండాలె."

నేను కిటికీ బయటికి చూశాను. బయట పార్కింగ్ తప్ప ఏమీ లేదు. దాన్నే చాలాసేపు చూశాను. మా అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉన్నది నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. రెండో అంతస్తులో సీతాబాయి అనే ఆవిడ ఉందని కూడా నాకు తెలియదు.

"మూడువేల మంది ఒక్కోసారి పెట్టిన అర్జీలు ఈ బీరువా నిండా ఉన్నాయి" అన్నారు నీహారిక గారు ఫైలు మూస్తూ. "ఆరూ నలభైకి తాళం దగ్గర ఎవరు నిలబడుతున్నారో రోజువారీగా రాసి తెచ్చినవాళ్లు లేరు. నా చేతిలో ఉన్నంతవరకు చెబుతాను. వారానికి మూడు రోజులు, రాత్రి ఎనిమిది దాకా, మూడు నెలలు చూద్దాం. జనం వస్తే పొడిగిస్తాం. ముందు ఈవిడ కాలు ఇక్కడే చూపించండి."

ఆవిడ ఉత్తర్వు రాసి సంతకం చేసి మధుకర్ ముందుకి తోశారు. అతను రెండు చేతులతో తీసుకున్నాడు. చూశాడు. ఇంకోసారి చూశాడు.

"మేడం..."

"ఏమిటి?"

"తారీఖు వెయ్యలే మేడం. ఇది చెల్లదు."

బయటికొచ్చాక ఆటోలో నేను అడిగాను. "ఆ ఇడ్లీ బండాయన సంతకం ఎన్నిసార్లు పెట్టాడయ్యా?"

"ఒక్కసారే సార్." రోడ్డు వైపు చూస్తూ, "అదిగూడ అడగంగనే పెట్టిండు" అన్నాడు.

నీలమ్మ వేలు దక్కింది. దవాఖాన ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు ఎనిమిదిదాకా తెరిచి ఉంటోంది. మూడు నెలల గడువు అయ్యాక ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆరూ నలభైకి ఆ మెట్ల మీద ఇప్పుడు కూర్చోవడానికి చోటుండదు.

గచ్చిబౌలి ఇంటర్వ్యూలో ఆ ముగ్గురూ కాగితం మీదే కాదు, ఆఫర్ లెటర్ మీద కూడా పెట్టారు. కాని ఉద్యోగం పుణేలో. వెళ్లే రోజు పొద్దున్న ఏడూ ఇరవైకి వచ్చి, మెడలోంచి నీలం తాడు తీసి నా మెడలో వేశాడు. అట్ట చేతికిచ్చాడు.

"పది మంది సార్. పదకొండోవారు మీరు, మీది మీరే చూస్కోవాలె. తలుపు తీయంగనే బాగున్నరా అనొద్దు. బాగున్నమంటరు. సంతకం అడుగుండ్రి."

లిఫ్టు కిందికి వెళ్లిపోయింది. అట్ట పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఆ రోజంతా ఇల్లు మళ్లీ పాత ఇల్లయింది. ఆ మాట దాచడమెందుకు.

మర్నాడు పొద్దున్న రెండో అంతస్తుకి దిగి 204 బెల్లు నొక్కాను. మూడు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. సీతాబాయి గారు నన్నూ, నా మెడలో తాడునీ ఎగాదిగా చూశారు. ఆవిడకి చెవులు కొంచెం మందం.

"నిన్నటి సంతకం చెల్లదండి!" అని గట్టిగా అరిచాను.

"మీరు గూడనా!" అన్నారావిడ, కానీ పెన్ను తీసుకున్నారు.

పాలు ఇప్పటికీ రెండు ప్యాకెట్లే. రెండోది 204కి వెళ్తుంది. పెళ్లిచూపుల అమ్మాయి ప్రశాంతి మధ్యలో ఒకసారి నాకు ఫోను చేసింది. కాగితం చివర వినతిదారుల తరఫున నా నంబరు ఉంటే ఆ రోజే రాసుకుందట. దవాఖాన తెరిచారా అని అడిగి, తెరిచారన్నాక, మధుకర్ గారి నంబరు మారిందా అని అడిగింది. ఇచ్చాను. అంతకన్నా నాకేమీ తెలియదు, అడిగినా అతను చెప్పడు.

పుణే నుంచి రోజూ ఏడూ ఇరవైకి నా ఫోనుకి సందేశం వస్తుంది: "సార్, ఫొటో." నేను కాగితం మీద సంతకం పెట్టి ఫొటో తీసి పంపుతాను. తోక సరిపోయిందో లేదో అక్కణ్ణుంచి చెబుతాడు. మొన్న నేనే ఎదురు అడిగాను. "ముందు నీది పంపు. గడులతో సహా."

చాలాసేపటికి వచ్చింది. సంతకం చిన్నది, గీతకి అతుక్కుని. కొత్త ఊరు, తెలియని భాష, ఒంటరి గది. రాత్రి నిద్ర: బాగా. పొద్దున తిన్నది: ఉప్మా.

నేను అద్దాలు సవరించుకుని ఆ మాట రెండుసార్లు చదివాను. తర్వాత లేడీస్ హాస్టల్ పింకీని పిలిచి, ఫోనులో పక్క రాష్ట్రానికి టిఫిన్ ఎలా పంపుతారో నేర్పమన్నాను. ఆ అమ్మాయి అతని వీధి పక్కన హోటలు వెతికింది. నాలుగు ఇడ్లీలు, కారప్పొడి. డెలివరీ వాడికి చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే రాయమని ఫోను అడిగింది. రాశాను:

"ఇక్కడ బండాయన ప్లేటు కొనకపోతే సంతకం పెట్టనన్నాడు. నేను తినేశాను. ఇది నువ్వు తిను. నిన్నటి ఉప్మా చెల్లదు."